పాము తిండి మానేస్తే నేరం కాలానిదేనా?

పెంపుడు పాములున్న ఇళ్లల్లో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఒకటే బెంగ. మొన్నటిదాకా వారం వారం ఎలుకను ఆత్రంగా అందుకున్న పాము ఇప్పుడు ముఖం తిప్పేసుకుంటుంది. పగలంతా దాక్కున్న చోటు వదలదు, లేదా రాత్రంతా గాజుపెట్టె అంచుల వెంట తిరుగుతూనే ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే కదలక మెదలక ఉండే ప్రాణి కాస్తా బుస కొడుతుంది. ఎవరినైనా అడిగితే, పాముల్ని పెంచి ఆరితేరినవాళ్లలో కొందరు "చలికాలం కదా, అదే తింటుందిలే" అంటారు. ఇంకొందరు "ముందు పెట్టెలో వేడి చూసుకో" అంటారు. ఈ రెండు మాటల్లో ఏది ఎప్పుడు నిజమో తేల్చుకోలేక పెంచేవాళ్లు నలిగిపోతారు. ఆ మధ్యలో ప్రాణం మీదకు వచ్చేది పాముకే.

అన్ని పాములకూ కలిపి అడిగితే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. మంచుదేశపు పాముకున్న కాలం వేరు, ఉష్ణదేశపు పాముకున్న కాలం వేరు. అందుకని ఇక్కడ బాల్ పైథాన్‌ను మధ్యలో పెట్టుకుని మిగతావాటిని దాని పక్కన చూద్దాం. అమెరికా, యూరప్ ఇళ్లలో ఎక్కువగా పెంచే పాముల్లో ఇదొకటి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగు ఇంటి పిల్లవాడు పాము కావాలని పేచీ పెడితే ఇంటికొచ్చేది చాలాసార్లు ఇదే. సెనెగల్ నుంచి ఉగాండా దాకా పశ్చిమ, మధ్య ఆఫ్రికాలో బతికే చిన్నజాతి కొండచిలువ ఇది. నాలుగైదు అడుగులు మించి పెరిగేవి తక్కువ. విషం లేదు. భయపడితే తలను మధ్యలో దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది, పేరు అలా వచ్చింది. ఘనా, టోగో, బెనిన్ దేశాల నుంచి దశాబ్దాలుగా ఎగుమతి అవుతోంది. బెనిన్‌లోని విదా పట్టణంలో వీటికి ఒక గుడి కూడా ఉంది. గుడి దాటి ఎవరింట్లోకైనా వెళ్లిన పామును అక్కడివాళ్లు భద్రంగా తెచ్చి అప్పగిస్తారు. ఇంత నెమ్మదైన పాముకు పెంపకందారుల్లో ఉన్న అపకీర్తి ఒక్కటే: నెలల తరబడి తిండి మానేస్తుందని.

ఈ విషయం మీద మన చేతిలో ఉన్న ఆధారాలు మూడు రకాలు. చలిదేశపు పాముల మీద యాభై ఏళ్లుగా సాగిన శాస్త్ర పరిశోధన ఒకటి. ఆఫ్రికాలో పాము పుట్టినగడ్డ మీదే చేసిన క్షేత్రపరిశీలన రెండోది. పెంచేవాళ్లు, గుడ్లు పెట్టించి పిల్లల్ని అమ్మేవాళ్లు రాసుకున్న అనుభవాల రాశి మూడోది. మొదటిది గట్టిది, కానీ మన పాముది కాదు. రెండోది మన పాముదే, కానీ కొంచెమే ఉంది. మూడోది కొండంత ఉంది, కానీ అందులో పాము తిండి మానేసినప్పుడు పెట్టెలో వేడి ఎంత, తేమ ఎంత, పాము బరువెంత అన్నవి రాసిపెట్టినవాళ్లు అరుదు. ఈ మూడింటినీ కలిపి చూశాక నాకు కుదిరిన అభిప్రాయం ఇది. ఋతువు పాము మీద పనిచేయడం నిజం. అయితే దాన్ని మొట్టమొదట చెప్పుకునే కారణంగా తీసుకోకూడదు. మిగతా కారణాలన్నీ ఒక్కొక్కటే కొట్టేశాక మిగిలితేనే ఒప్పుకోవాలి.

ముందు పాము ఒంటి సంగతి. మనం తిన్న తిండిలో ఎక్కువ భాగం ఒంటి వేడి నిలబెట్టుకోవడానికే ఖర్చవుతుంది. పాముకు ఆ ఖర్చు లేదు. వేడిని బయటి నుంచే తెచ్చుకుంటుంది. అందుకే నెలకు ఒకటి రెండు ఎలుకలతో బతకగలదు. కానీ మింగిన ఎలుకను అరిగించుకోవాలంటే మాత్రం దానికి వేడి తప్పనిసరి. 1990ల్లో స్టీఫెన్ సెకార్, జారెడ్ డైమండ్ బర్మా కొండచిలువల మీద చేసిన పరిశోధనలో, పెద్ద ఆహారం మింగిన తరువాత పాము జీవక్రియ వేగం విశ్రాంతి స్థాయికి పదిరెట్లు దాటిపోతుందని, చిన్నపేగు ఒకటి రెండు రోజుల్లోనే రెట్టింపు బరువుకు పెరుగుతుందని తేలింది. తిండి లేనప్పుడు ముడుచుకుని ఉన్న పేగును, తిండి పడగానే మళ్లీ కట్టుకుంటుందన్నమాట. ఇంత పని చల్లటి ఒంటితో జరగదు. చల్లబడిన పాము కడుపులో ఎలుక అరగదు, కుళ్లిపోతుంది. కాబట్టి చలిలో పాము తినకపోవడం జబ్బు కాదు, ప్రాణరక్షణ. తిన్నదాన్ని కక్కేసినా దాదాపు ఇదే కారణం.

ఈ సూత్రం చలిదేశపు పాముల్లో ఎంత దూరం వెళ్తుందో చూడాలంటే కెనడాలోని మానిటోబా రాష్ట్రానికి వెళ్లాలి. అక్కడ నార్సిస్ అనే ఊరి దగ్గర సున్నపురాయి నేల పగిలి ఏర్పడిన గుంటల్లో వేల కొద్దీ రెడ్-సైడెడ్ గార్టర్ పాములు ఒక్కచోట చేరి చలికాలం గడుపుతాయి. నేల మీద మంచు గడ్డకట్టే ఆ ప్రాంతంలో ఏడెనిమిది నెలలు అవి పాతాళంలోనే ఉంటాయి. ఏప్రిల్ చివర, మే నెలలో ఎండ కాస్త తగలగానే ముందు మగవి బయటికి వచ్చి గుంట అంచున కాచుకుంటాయి. ఆడది తల బయట పెట్టగానే పదుల కొద్దీ మగవి దాన్ని చుట్టుకుని ఉండలా దొర్లుతాయి. ప్రపంచంలో ఇన్ని పాముల్ని ఒక్కచోట చూడగలిగే చోటు మరొకటి లేదంటారు.

డేవిడ్ క్రూస్, ఆయన సహచరులు 1970ల చివరి నుంచి ఈ పాముల్ని పరిశీలించి ఒక వింత తేల్చారు. మామూలుగా మగజంతువుకు జతకట్టే కోరిక టెస్టోస్టెరాన్ అనే హార్మోన్ వల్ల పుడుతుందని మన లెక్క. ఈ పాముల్లో ఆ హార్మోన్ అట్టడుగున ఉన్న వసంతంలోనే మగవి ఆడదాని వెంట పడతాయి. వృషణాలు తీసేసినా పడ్డాయి. వాటిని కదిలించింది ఒక్కటే: చాలాకాలం చల్లగా ఉండి, ఆ తరువాత వేడెక్కడం. చలి చూపించకుండా ఏడాదంతా వెచ్చగా ఉంచిన మగపాములు అలా ప్రవర్తించలేదు. మెదడులోని పీనియల్ గ్రంథిని తీసేస్తే, చలి తరువాత వేడి తగిలినా ఆ కోరిక చాలా పాముల్లో మేలుకోలేదు. అంటే ఒంటికి తగిలిన చలిని, వేడిని మెదడులోని ఆ చిన్న గ్రంథి రోజుల లెక్కగా మార్చుకుంటోంది. పాము దగ్గర పంచాంగం ఉందని చెప్పడానికి ఇంతకంటే బలమైన రుజువు అక్కర్లేదు.

మన ప్రశ్నకు ఇంకా దగ్గరగా వచ్చిన పరిశోధన ఒకటుంది. 2004లో రయాన్ ఓడానెల్, రిక్ షైన్, రాబర్ట్ మేసన్ ఇదే మగ గార్టర్ పాముల్లో ఋతువును బట్టి వచ్చే ఆకలిలేమి మీద ఒక వ్యాసం ప్రచురించారు. నెలల ఉపవాసం తరువాత బయటికి వచ్చిన మగపాము ఆకలితో నకనకలాడుతూ ఉండాలి కదా. తిండి ఎదురుగా పెట్టినా దాని ధ్యాస అంతా ఆడదాని మీదే. జతకట్టే రోజులు గడిచేకొద్దీ ఆకలి తిరిగి వచ్చింది. ఇల్లు వెచ్చగానే ఉన్నా మగ బాల్ పైథాన్ చలికాలంలో ఎందుకు తినడం లేదన్న ప్రశ్నకు ఇది మంచి దారి చూపిస్తుంది. ఉపవాసానికి చలి ఒక్కటే కారణం కానక్కర్లేదు, జతకట్టే కాలం కూడా ఆకలిని మింగేయగలదు.

అయినా మానిటోబా పాము లెక్కను ఉన్నపళంగా ఆఫ్రికా పాముకు అంటగట్టడం పెద్ద పొరపాటు. పాత పుస్తకాలు చదివి బాల్ పైథాన్‌ను కూడా చలిలో నిద్రపుచ్చాలేమో అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దానికి చలినిద్ర లేదు. దాని ఊళ్లో మంచు పడదు. అక్కడ ఏడాదిని విడగొట్టేది వాన, ఎండు. ఘనా, టోగో, బెనిన్ ఉత్తరభాగాల్లో సుమారు నవంబరు నుంచి మార్చి దాకా ఎండుకాలం. ఆ రోజుల్లో సహారా నుంచి హర్మటన్ గాలి దుమ్మును మోసుకొస్తుంది. పగలు ఎండ మండుతుంది, తెల్లవారుజామున చల్లబడుతుంది, గాలిలో తేమ పడిపోతుంది. బాల్ పైథాన్ జతకట్టేది ఈ కాలంలోనే. ఎలుకల బొరియల్లో, పాడుబడ్డ చెదపుట్టల్లో తలదాచుకుని, వానలు మొదలవడానికి ముందు గుడ్లు పెడుతుంది. వానలతో పాటు పిల్లలు బయటపడతాయి. అప్పటికి మేతకు లోటుండదు.

ఇక్కడ ఒక లెక్క చూడండి. డాలస్‌లో డిసెంబరు పగలు దాదాపు పది గంటలు, జూన్ పగలు పద్నాలుగు గంటల పైన. హైదరాబాద్‌లో ఈ తేడా సుమారు రెండు గంటలు. బాల్ పైథాన్ పుట్టిన ఉత్తర ఘనాలో గంటకు అటూఇటూ. పగటి పొడవు ఇంత కొద్దిగా మారే చోట పెరిగిన జాతి, కిటికీలోంచి కనిపించే వెలుతురును బట్టే కాలం గుర్తుపడుతుందని నేను నమ్మను. రాత్రి ఉష్ణోగ్రత, గాలిలో తేమ, ఒంట్లో పేరుకున్న కొవ్వు దానికి ఎక్కువ చెబుతాయని అనుకోవడం సబబు. కానీ అమెరికా ఇంట్లో ఈ మూడూ నవంబరులోనే మారతాయి. రాత్రుళ్లు గది చల్లబడుతుంది, హీటర్ వేయడంతో గాలి పొడిబారుతుంది, వేసవంతా తిన్న పాము బలిసి ఉంటుంది. ఎవరూ అనుకోకుండానే హర్మటన్ కాలం ఆ ఇంట్లోకి వస్తోంది.

ఆడ, మగ తేడా కూడా చిన్నది కాదు. లూకా లూయిసెల్లి, ఫ్రాన్సెస్కో అంజెలీచీ నైజీరియా ఆగ్నేయ అడవుల్లో చేసిన పరిశీలన 1998లో అచ్చయింది. అక్కడ చిన్నపాములు, మగపాములు చెట్లెక్కి ఎక్కువగా పక్షుల్ని తింటుంటే, పెద్ద ఆడపాములు నేల మీదే ఉండి ఎలుకల వంటి వాటిని వేటాడుతున్నాయి. పెంచేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకున్నా ఎంతో మేలు. మగ పిల్లపాము ఎలుకను వద్దన్నంత మాత్రాన మొండిదని తిట్టుకోవాల్సిన పని లేదు. దాని తాతముత్తాతల తిండి వేరు.

టోగోలో ఫాబియన్ ఓబ్రే, జేవియర్ బొన్నే, రిక్ షైన్ గుడ్ల మీద చుట్టుకున్న తల్లుల్ని పరిశీలించారు. తల్లి గుడ్లను అంత బిగుతుగా ఎందుకు చుట్టుకుంటుందన్నది వాళ్ల ప్రశ్న. ప్రధానంగా గుడ్లు ఎండిపోకుండా కాపాడటానికని తేలింది. ఎండుకాలపు గాలికి గుడ్డులోని తడి ఆవిరైపోతే పిల్ల బతకదు. గుడ్లు పొదిగే రెండు నెలలూ తల్లి వాటిని వదిలి వేటకు వెళ్లదు. అంతకుముందు కడుపుతో ఉన్న రోజులు కూడా కలుపుకుంటే, ఆడ బాల్ పైథాన్ ఏడాదిలో చాలా నెలలు పస్తులతోనే గడిపేస్తుంది. అంటే దీర్ఘ ఉపవాసం ఆ జాతి బతుకులో ఒక భాగం. మన ఇంటికి వచ్చి నేర్చుకున్నది కాదు.

ఇంట్లో ఇది ఎలా కనబడుతుందో తెలియాలంటే, గుడ్లకు సిద్ధమవుతున్న ఆడపామును కాస్త దగ్గరగా చూడాలి. ముందు ఆకలి పెరుగుతుంది, పెట్టినదల్లా మింగేస్తుంది. తరువాత ఉన్నట్టుండి ఆపేస్తుంది. పెట్టెలో చల్లగా ఉన్న మూలకు చేరి, నీళ్లగిన్నెను చుట్టుకుని గంటల తరబడి పడుకుంటుంది. ఒంటి మీది బంగారు మచ్చలు కాస్త వెలిసినట్టు, తేటబారినట్టు కనిపిస్తాయి. ఒకరోజు ఒంటి మధ్యభాగం ఎలుక మింగినంత లావుగా ఉబ్బి, ఒక రోజు గడిచేసరికి తగ్గిపోతుంది. అండం విడుదలైన గుర్తు అది. ఆ తరువాత వేడి ఉన్న వైపుకు మారి, నడుం భాగం మెలితిప్పి పొట్ట పైకి కనిపించేలా పడుకుంటుంది. తెలియనివాళ్లు ఈ భంగిమ చూసి పాము చచ్చిపోతోందని హడలిపోతారు. కుబుసం విడుస్తుంది. ఆ కుబుసం పడిన నెల రోజులకు కాస్త అటూఇటూగా గుడ్లు.

మగపాము లేకపోతే ఇదంతా జరగదనుకోవద్దు. 2020 జులైలో అమెరికాలోని సెయింట్ లూయిస్ జంతుప్రదర్శనశాలలో 60 ఏళ్లు దాటిన ఒక బాల్ పైథాన్ ఏడు గుడ్లు పెట్టింది. అది 1961లో అక్కడికి వచ్చిన పాము. ఎన్నో ఏళ్లుగా దాని దరిదాపుల్లో మగపాము లేదు. ఒంటరిగా పెరుగుతున్న ఆడపాము కూడా ఋతుచక్రంలో పడగలదని, గుడ్లు పెట్టే ముందరి ఉపవాసం దానికీ రావచ్చని పెంచేవాళ్లు మనసులో పెట్టుకోవాలి.

మగదాని తంతు వేరు. చీకటి పడగానే తిరగడం మొదలుపెడుతుంది. పెట్టె మూలల్లో, మూత అంచుల్లో ముక్కు పెట్టి నెడుతూ దారి వెతుకుతుంది. తెల్లారేసరికి ముక్కు చివర పొలుసులు గీరుకుపోయి ఎర్రబడటం కూడా ఉంది. ఎలుకను చూపిస్తే నాలుక ఆడిస్తుంది, వాసన పట్టుకుంటుంది, ఆసక్తి ఉన్నట్టే తల చాస్తుంది, అంతలోనే దాని పక్కనుంచి జారిపోయి మళ్లీ గోడ వెంట పడుతుంది. నీరసపడిన జబ్బుపాముకీ, ఈ చురుకైన ఉపవాసికీ తేడా ఇక్కడే పట్టుకోవచ్చు. కండ బిగువుగా ఉండి, కళ్లు తేటగా ఉండి, నాలుక చకచకా ఆడుతూ తిండి ఒక్కటే వద్దంటున్న పెద్ద మగపాము విషయంలో కాలాన్ని నమ్మవచ్చు.

ఎన్నాళ్లు నమ్మవచ్చు? మార్షల్ మెక్యూ 2007లో ప్రచురించిన పరిశోధన దీనికి ఆధారం. బాల్ పైథాన్ సహా మూడు జాతులకు చెందిన 62 పాముల్ని సుమారు ఆరు నెలలు తిండి లేకుండా ఉంచి చూస్తే, కొన్ని తమ విశ్రాంతి జీవక్రియ వేగాన్ని 72 శాతం దాకా తగ్గించుకున్నాయి. అప్పటికే తక్కువగా ఖర్చుపెట్టే ఒళ్లు, ఆ ఖర్చును ఇంకా మూడోవంతు కన్నా కిందికి దించుకుంది. ఈ అంకె చదివి చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. నాకైతే భయం వేస్తుంది. పరిశోధనశాలలో ఉపవాసం మొదలుపెట్టినవి ఆరోగ్యంగా, తగినంత బరువుతో, సరైన వేడిలో ఉన్న పాములు. ఇంట్లో తిండి మానేసినది అలాంటిదే అని ఎవరు చెప్పారు? ఆరు నెలలు బతకగలదు అన్న మాట, ఆరు నెలలు చూడకుండా ఉండవచ్చు అన్న మాటగా మారితే ప్రమాదం.

కాలం పేరు పెట్టుకుని వచ్చే మామూలు లోపాలు ఎన్నో. చలికాలంలో గదే చల్లబడితే, వేసవిలో సరిపోయిన హీట్ మ్యాట్ డిసెంబరులో సరిపోదు. బాల్ పైథాన్ పెట్టెలో వేడి వైపు 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్, చల్లని వైపు 24 నుంచి 27 డిగ్రీలు ఉండాలి. గోడకు అంటించిన గుండ్రటి మీటరు చూపించేది గోడ దగ్గరి గాలి వేడిని. పాము పడుకునే నేల వేడి వేరుగా ఉంటుంది, దాన్ని అక్కడే కొలవాలి. తేమ 50 శాతం కన్నా కిందికి పడితే కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడుతుంది, కంటి మీది పొర అతుక్కుని ఉండిపోతుంది. కుబుసానికి ముందు వారం పది రోజులు కళ్లు నీలం పాలలా మసకబారి, చూపు ఆనక, పాము చిరాకుగా ఉండి తినదు. అది ఏ నెలలోనైనా వచ్చేదే, ఋతువుతో సంబంధం లేదు. దాక్కోవడానికి చోటు లేకపోయినా, రోజూ నలుగురి చేతులూ మారినా తినదు. పండగ సెలవుల్లో చుట్టాలొచ్చి ఇల్లు సందడిగా ఉన్నప్పుడు మానేసిన పాముకు కారణం డిసెంబరు కాదు, ఆ సందడి.

జబ్బులు కూడా చలికాలంలోనే బయటపడతాయి, చల్లటి ఒంట్లో రోగనిరోధకశక్తి తగ్గుతుంది కాబట్టి. ఊపిరి తీసేటప్పుడు ఈల వేసినట్టు శబ్దం, ముక్కులో నోట్లో బుడగలు, జిగురు, నోరు తెరిచి తల పైకెత్తి ఊపిరి పీల్చుకోవడం, ఇవన్నీ శ్వాసకోశపు జబ్బుకు గుర్తులు. బాల్ పైథాన్‌లలో ఇలాంటి జబ్బుకు కారణమయ్యే నిడోవైరస్‌ను శాస్త్రవేత్తలు 2014లో గుర్తించారు. అంతకుముందు చనిపోయిన ఎన్ని పాముల విషయంలో చలి తగిలిందని సరిపెట్టుకున్నారో! ఇంకోమాట, ఏడాది లోపు పిల్లపాముకు జతకట్టే కాలం ఉండదు, కొవ్వు నిల్వ ఉండదు. అది రెండు మూడు వారాలు వరుసగా తినకపోతే చలికాలం అన్న మాట ఎత్తనే కూడదు.

పెంపకందారుల్లో బాగా చెలామణీ అయ్యే నమ్మకం ఒకటి వాతావరణ పీడనం గురించి. తుపాను వచ్చే ముందు పాములు జతకడతాయని, తిండి మానేస్తాయని అనుభవజ్ఞులు గట్టిగా చెబుతారు. చాలామంది చెబుతున్నారు కాబట్టి కొట్టిపారేయను. కానీ తుపానుతో పాటు పీడనం ఒక్కటే మారదు. తేమ, ఉష్ణోగ్రత, ఇంట్లో మనుషుల కదలిక అన్నీ మారతాయి. వాటిని విడదీసి చూపించనంత కాలం దాన్ని నమ్మకంగానే ఉంచాలి.

చలిదేశాల నుంచి వచ్చిన పెంపుడు పాముల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, వాటి దారి స్పష్టంగా ఉంది. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల కార్న్ స్నేక్, మధ్య మైదానాల వెస్టర్న్ హాగ్‌నోజ్ చలికాలంలో మందగిస్తాయి, హాగ్‌నోజ్ అయితే పూర్తిగా తినడం మానేస్తుంది. పిల్లల కోసం పెంచేవాళ్లు కార్న్ స్నేక్‌కు రెండు వారాలు ముందే తిండి ఆపి, కడుపు ఖాళీ అయ్యాక, రెండు మూడు నెలలు 10 నుంచి 13 డిగ్రీల మధ్య ఉంచుతారు. శాస్త్రం దీన్ని బ్రూమేషన్ అంటుంది. పిల్లలు అక్కర్లేని ఇంటి పాముకు ఈ ప్రయోగం అవసరం లేదు. కడుపులో తిండి ఉండగా చల్లబరిస్తే చచ్చిపోయే పాములు, బలహీనంగా ఉండి ఆ చలినిద్ర నుంచి లేవని పాములు ఎన్నో ఉంటాయి.

ఇక మన ఊళ్ల సంగతి. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో బాల్ పైథాన్ పెంచేవాళ్లు ఇప్పుడు కనిపిస్తున్నారు. వాళ్లు విదేశీ సలహాలు చదివి డిసెంబరు కోసం భయపడతారు. అసలు భయపడాల్సింది మే నెలకు. బయట 42 డిగ్రీలుండి, కరెంటు పోయి, మేడ మీది గదిలో గాజుపెట్టె ఉడికిపోతుంటే పాము తినదు సరికదా ప్రాణమే పోవచ్చు. పెట్టెలో చల్లని వైపు కూడా 35 దాటిందంటే పరిస్థితి అత్యవసరం. వానాకాలంలో ఇంకో ఇబ్బంది. కింద పరిచిన పొట్టు తడిసి ఆరక, పొట్ట పొలుసుల కింద పుండ్లు పడతాయి. కాబట్టి మన దగ్గర ఋతువు లెక్క వేరుగా రాసుకోవాలి. ఏసీ గదిలో ఉంచితే ఆ లెక్క మళ్లీ మారుతుంది.

మన నేల పాములకూ తమ కాలాలున్నాయి. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షి అభయారణ్యంలో కొండచిలువలు చలికాలంలో ముళ్లపంది బొరియల దగ్గర ఎండ కాచుకుంటాయి. జెర్రిపోతులు జతకట్టే కాలంలో నిలువునా లేచి పెనవేసుకుంటే మనవాళ్లు సయ్యాట అంటారు, చాలాసార్లు అది రెండు మగపాముల కుస్తీ. తొలకరి వానలతో నాగుపాము, జెర్రిపోతు పిల్లలు గుడ్లు పగులగొట్టుకుని బయటికి వస్తాయి, బొరియల్లోకి నీళ్లు చేరి పెద్దపాములూ ఇళ్ల దారి పడతాయి, పాములు పట్టేవాళ్ల ఫోన్లకు ఆ నెలల్లో విరామం ఉండదు. కార్తీకంలో నాగుల చవితి నాటికి రాత్రుళ్లు చల్లబడి వాటి తిరుగుడు తగ్గుముఖం పడుతుంది. ఈ కాలాల్ని పొలం గట్టు మీద చూసి తెలుసుకోవాలే తప్ప పెట్టెలో పెట్టి కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు పామును ఇంట్లో పెంచడం నేరం. బాల్ పైథాన్ అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలో ఉంది. అలాంటి విదేశీ ప్రాణులు ఉన్నవాళ్లు 2022 చట్టసవరణ, 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. కాగితాలు లేని పామును కొనడమంటే ఆఫ్రికా బొరియల్లోంచి తవ్వితీసే వ్యాపారానికి డబ్బు కట్టడం కావచ్చు. అలా పట్టుకొచ్చిన పాములే పెట్టెలో ఎక్కువగా తిండి మానేస్తాయి, పురుగులతో, జబ్బులతో వస్తాయి.

చివరికి పెంచేవాళ్లు చేయగలిగింది కష్టమైన పనేమీ కాదు. వంటింట్లో వాడే డిజిటల్ తూకం ఒకటి, చిన్న నోటు పుస్తకం ఒకటి చాలు. పదిహేను రోజులకోసారి పామును మూత ఉన్న డబ్బాలో పెట్టి తూచి బరువు, తేదీ, పెట్టె రెండు వైపుల వేడి, తేమ, తిన్నదా లేదా, కుబుసం ఎప్పుడు విడిచింది రాసుకోండి. రెండో ఏడాదికి మీ పాముకు నిజంగా కాలం ఉందో లేదో ఆ పుస్తకమే చెబుతుంది. ఏటా అదే నెలల్లో మానేసి అదే నెలల్లో మొదలుపెట్టి, బరువు పెద్దగా తగ్గకపోతే అది ఋతువు. అప్పుడు పది పదిహేను రోజులకోసారి తిండి చూపించి, వద్దంటే తీసేయండి, నీళ్లు మాత్రం ఎప్పుడూ ఉంచండి, బలవంతంగా నోట్లో కుక్కకండి. 1500 గ్రాముల పాము 150 గ్రాములు తగ్గినా, వెన్నుపూస మొన తేలి కనిపించినా, ఊపిరిలో శబ్దం వినిపించినా, తిన్నది కక్కినా మార్చి కోసం ఎదురుచూడకండి. సరీసృపాలకు వైద్యం తెలిసిన పశువైద్యుడి దగ్గరికి ఆ నోటు పుస్తకంతో సహా తీసుకెళ్లండి.